సిగ్నలు పడింది: పాత స్టేషన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మీటరు గేజి (మీటరు వెడల్పు పట్టాల లైను) పోయింది, సిగ్నలు రెక్కలు పోయాయి, అట్ట టికెట్లూ పోయాయి. చాలా ఊళ్లలో స్టేషనుకు ఇప్పుడు పాతదంటూ మిగిలింది పేరొక్కటే. తమ ఊరి పాత స్టేషను గురించి పెద్దల దగ్గర ఉన్నదంతా రాసిపెట్టుకునే పనిలో ఉన్న పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్ర: మా ఊరి స్టేషనులో పనిచేసి రిటైరైనవారు, రోజూ బండెక్కి కాలేజీకి వెళ్లినవారు ఇంకా పదిమంది దాకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేద్దామని కూర్చుంటే "ఆ రోజులే వేరండీ" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. ఎలా అడగాలి?
(ఒక పాఠకురాలు, గిద్దలూరు)

జ: "మీ జ్ఞాపకాలు చెప్పండి" అంటే ఎవరి నోటికైనా ముందు వచ్చేది అభిప్రాయమే. వస్తువు పేరెత్తి అడగండి. పొద్దున మొదటి బండికి ముందు స్టేషన్లో ఎవరెవరు ఉండేవారు? గంటగా వాడిన పట్టా ముక్క ఎక్కడ వేలాడేది? అటునుంచి వచ్చే బండికి ఎన్ని దెబ్బలు, ఇటునుంచి వచ్చేదానికి ఎన్ని? దీపాల గది ఏ వైపు, కిరసనాయిలు డబ్బా ఎవరి తాళంలో ఉండేది? టికెట్టు కిటికీ ఎంత ఎత్తు, పిల్లలకు అందేదా? ఇలాంటి ప్రశ్నకు "ఆ రోజులే వేరు" అన్న జవాబు కుదరదు. మనిషి కళ్లు మూసుకుని స్టేషన్లోకి నడిచి చూసి చెబుతాడు.

ఇంకో మంచి పద్ధతి పటం గీయించడం. పెద్ద కాగితం మీద మీరు రెండు గీతలు గీసి "ఇవి పట్టాలు, ఇక్కడ స్టేషను" అని పెన్సిలు వాళ్ల చేతికివ్వండి. గూడ్సు షెడ్డు, నీళ్ల ట్యాంకు, కేబిను (సిగ్నళ్ల లీవర్లుండే గది), క్వార్టర్లు, చింతచెట్టు ఒక్కొక్కటే అవే వస్తాయి. గీస్తుండగా వచ్చిన మాటలే అన్నిటికంటే విలువైనవి, కాబట్టి రికార్డు అప్పుడే నడవాలి.

సంవత్సరం అడగకండి. అడిగితే మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతారు, అది తర్వాత అచ్చులోకి ఎక్కి కూర్చుంటుంది. "1974 మేలో రైల్వే సమ్మె జరిగింది కదా, దానికి ముందా తర్వాతా?", "1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటికి ఆ షెడ్డు ఉందా?", "పెద్దబ్బాయి పుట్టాడా అప్పటికి?" అని అడిగితే రెండు మూడేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. బండ్ల విషయంలోనూ అంతే. జనం నంబరుతో గుర్తుపెట్టుకోరు, "ఆరింటి బండి" అంటారు. ఆ ఆరింటి బండి పదేళ్లలో ఐదింబావుకీ, ఆరున్నరకీ మారి ఉండవచ్చు, ఊళ్లో పేరు మాత్రం అదే ఉంటుంది. పాత టైంటేబులుతో సరిచూసేదాకా గడియారం సమయం రాయకండి.

ఒకే విషయం ఇద్దరికి తెలిస్తే ముందు విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెట్టండి. మొదటే కలిపితే గొంతు పెద్దదైనవారి మాటే ఇద్దరి జ్ఞాపకమైపోతుంది.

రికార్డింగుకు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి రెండు జానల దూరంలో ఉంచండి. వట్టి బల్ల మీద పెడితే గ్లాసు కదిపిన చప్పుడు కూడా మాటను మింగేస్తుంది. వీలైతే వేవ్ ఫైలుగా తీయండి. ఫ్యాను ఆపాలి కనుక ఎండాకాలంలో పొద్దున ఏడింటికే కూర్చోవడం మేలు. మొదట తేదీ, ఊరు, పేరు, చేసిన ఉద్యోగం వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒక్కో విడత 45 నిమిషాలు దాటించవద్దు. పెద్దవాళ్లు అలసిపోతారు, పైగా గంట మాటల్ని కాగితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఫైలుకు తేదీ, స్టేషను, మనిషి పేరు, ఇదే వరుసలో పేరు పెట్టి మూడు నకళ్లు ఉంచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. పేరు బయటపెట్టవచ్చా అని అడిగి సంతకం తీసుకోండి, రికార్డు నకలు వాళ్లకూ ఇవ్వండి.

ప్ర: పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద బెత్తంతో చేసిన పెద్ద వలయం, దానికి కుట్టిన తోలు సంచి దొరికాయి. మా తాతగారు మీటరు గేజి రోజుల్లో పాయింట్స్‌మన్ (బండి ఏ పట్టాల మీదికి పోవాలో మార్చే ఉద్యోగి). ఇది దేనికి వాడేవారు?
(ఒక పాఠకుడు, మార్కాపురం)

జ: అది టోకెన్ వలయం. ఆ తోలు సంచిలో ఒక ఇనుప బంతి ఉండేది. గుంటూరు-గుంతకల్లు మార్గం లాంటి ఒంటి లైన్ల మీద ఎదురెదురుగా బండ్లు గుద్దుకోకుండా కాపాడింది ఆ బంతే. దాని పని తెలిస్తే మీ తాతగారి రోజు ఎలా గడిచేదో కూడా సగం తెలిసినట్టే.

పక్కపక్క స్టేషన్లు రెంటిలోనూ ఒక్కో యంత్రం ఉంటుంది. వాటిని నీల్ బాల్ టోకెన్ యంత్రాలంటారు. రెండిటినీ తీగలు కలుపుతాయి. రెండిట్లో కలిపి ఎన్ని బంతులున్నా, ఏ ఒక్కటి బయటికి వచ్చినా, అది మళ్లీ రెంటిలో ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి రాదు. బంతి చేతిలో లేనిదే డ్రైవరు ఆ సెక్షన్లోకి (ఆ రెండు స్టేషన్ల మధ్య లైనులోకి) అడుగుపెట్టకూడదు. అంటే లైను మీద ఎప్పుడూ ఒక్క బండే.

పని జరిగే తీరు ఇది. స్టేషన్ మాస్టరు అటు స్టేషనుకు గంట సంకేతం పంపి, ఫోనులో బండి నంబరు చెప్పి లైన్ క్లియర్ (బండి పంపడానికి ఒప్పుకోలు) అడుగుతారు. అటు మాస్టరు ఒప్పుకుంటే తన యంత్రం పిడిని "బండి వస్తోంది" వైపు తిప్పుతారు. ఇటు మాస్టరు తన పిడిని "బండి పోతోంది" వైపు తిప్పితే బంతి జారి పడుతుంది. బంతి మీద చెక్కిన రెండు స్టేషన్ల పేర్లు, నంబరు చదివి, సంచిలో వేసి, కట్టు బిగించి పాయింట్స్‌మన్‌కు ఇస్తారు. ఆగే బండైతే చేతికి అందిస్తే సరిపోతుంది. ఆగని బండికైతే ప్లాట్‌ఫారం అంచున నిలబడి వలయాన్ని ఎత్తి పట్టుకోవాలి. ఇంజనులోంచి ఫైర్‌మన్ (బొగ్గు వేసే మనిషి) చెయ్యి చాపి వలయంలోంచి దూర్చి లాగేసుకుంటాడు. అంతలోనే వెనక సెక్షను వలయాన్ని కిందికి విసురుతాడు. అది ఎంత దూరం దొర్లినా వెళ్లి తెచ్చి, అందులోని బంతిని యంత్రంలో వేయిస్తే తప్ప వెనక లైను మళ్లీ తెరుచుకోదు. వలయం అంత పెద్దది ఎందుకంటే వేగంగా పోయే బండిలోంచి చెయ్యి తప్పకుండా దూరాలి. బెత్తం ఎందుకంటే తేలిక, వంగుతుంది, తగిలినా ఎముక విరగదు.

ఎక్కడ తప్పేది? పట్టు జారి వలయం కింద పడితే బండి ఆగాల్సిందే. సంచి కట్టు ఊడి బంతి కంకరలో దొర్లితే లాంతరు పట్టుకుని వెతకాలి. దొరక్కపోతే యంత్రం బిగిసిపోయి ఉంటుంది కనుక తర్వాతి బండ్లన్నీ కాగితం మీద రాసిచ్చిన పేపర్ లైన్ క్లియర్‌తో నడవాలి, ఆలస్యం మీద ఆలస్యం. రెండు బండ్లు ఒకే స్టేషన్లో దాటుకునేటప్పుడు రెండు సంచులు ఒకేసారి చేతిలో ఉంటాయి, ఒకటి బదులు ఒకటి ఇస్తే ప్రమాదమే. అందుకే బంతి మీది పేరు డ్రైవరు కూడా చదవాలన్న నియమం. ఇంకో చిక్కు, ఒకవైపు బండ్లు ఎక్కువ నడిస్తే బంతులన్నీ ఒక యంత్రంలోనే చేరిపోతాయి. అప్పుడు సిగ్నలు సిబ్బంది లెక్క రాసుకుని కొన్నిటిని తిరిగి అవతలి స్టేషనుకు మోసుకెళ్లి సర్దాలి.

వలయం దాచుకునేటప్పుడు తోలుకు నూనె పట్టించకండి, నూనె పీల్చిన పాత తోలు జిగురుగా మారి బూజు పట్టేస్తుంది. పొడి కుంచెతో దులిపి, లోపల తెల్ల కాగితం కుక్కి సంచి ఆకారం నిలబెట్టండి. బెత్తం పగిలిపోకుండా ఎండ తగలనివ్వకండి, మేకుకు వేలాడదీయకుండా చదునుగా పడుకోబెట్టండి. సంచిలో బంతి కూడా ఉంటే మాత్రం ఇంట్లో ఉంచుకోకండి. అది రైల్వే ఆస్తి, 1966 నాటి చట్టం ప్రకారం అలాంటివి అక్రమంగా దగ్గర ఉంచుకోవడం నేరం. డివిజన్ కార్యాలయానికి ఉత్తరం రాసి అప్పగించి, రసీదు తీసుకోండి. ముందు ఫొటో తీసి, దాని మీది పేర్లు రాసుకోవడం మరచిపోకండి.

ప్ర: సిగ్నలులో పచ్చ దీపం అద్దం నిజానికి నీలంగా ఉండేదని మా నాయనమ్మ అంటుంది. అందరం నవ్వుతున్నాం. ఆమె పొరబడుతోందా?
(ఒక విద్యార్థి, డోర్నకల్)

జ: నాయనమ్మగారి మాటే నిజం. కిరసనాయిలు దీపం మంట పసుపు. దాని ముందు అచ్చ ఆకుపచ్చ అద్దం పెడితే వెలుగు పసుపులోకి తేలిపోతుంది. నీలి ఛాయ గల అద్దం పెడితే పసుపు, నీలం కలిసి దూరానికి నికార్సైన పచ్చగా కనబడుతుంది. పగలు దగ్గరగా చూసినవారికి ఆ అద్దం నీలమే. అంటే ఆమె ఆ అద్దాన్ని పగటిపూట దగ్గర నుంచి చూశారన్నమాట. ఎక్కడ, ఎలా చూశారో అడిగి రాసుకోండి, దీపాలు దించి తుడిచే చోటు తెలిసే అవకాశం ఉంది.

మన వైపు ఎక్కువగా ఉన్నవి కిందికి వాలే రెక్కలు. అడ్డంగా ఉంటే ఆగాలి, 45 నుంచి 60 డిగ్రీలు కిందికి వాలితే పోవచ్చు. "సిగ్నలు పడింది" అన్న మాట అక్కడినుంచే. ఇప్పుడు రంగు దీపాలొచ్చి పడేదేమీ లేకపోయినా మాట మాత్రం నిలిచింది. రెక్క చివర తిన్నగా కోసి ఉంటే ఆగవలసిన సిగ్నలు. చేప తోకలా చీలి ఉంటే అది వార్నరు, ముందున్న సిగ్నళ్ల పరిస్థితి చెప్పేది. పాత ఫొటోలో ఈ ఒక్క తేడా చూస్తే స్తంభం ఏదో, ఫొటో స్టేషనుకు ఎంత దూరంలో తీశారో కొంత అంచనా దొరుకుతుంది.

లీవరు నుంచి రెక్క దాకా పోయేది ఉక్కు తీగ. తెగితే రెక్క బరువుల వల్ల దానంతట అదే అడ్డంగా లేచి "ఆగు" అంటుంది, ఎన్నటికీ పడిపోయి "పో" అనదు. ఎండలకు మాత్రం ఆ తీగ సాగేది. 600 మీటర్ల తీగకు 20 డిగ్రీల వేడి తేడా వస్తే దాదాపు 14 సెంటీమీటర్లు పెరుగుతుంది. లీవరు లాగిన లాగుడులో అంత మేర వదులు తీయడానికే సరిపోయి, రెక్క సగమే వాలుతుంది. సగం వాలిన రెక్కను డ్రైవరు నమ్మకూడదు. అందుకే మధ్యాహ్నం ఒకసారి తీగ బిగించడం, రాత్రి చల్లబడ్డాక వదలడం. పాత కేబిన్ సిబ్బంది దొరికితే ఈ సర్దుబాటు గురించే అడగండి, ఏ సిగ్నలు తీగ ఎక్కువ ఏడిపించేదో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. రాత్రి ఇంకో ఏర్పాటు ఉండేది. రెక్క అడ్డంగా ఉన్నంతసేపు దీపం వెనకవైపు చిన్న తెల్ల వెలుగు స్టేషను వైపుకు కనబడేది, వాలగానే మూసుకుపోయేది. చీకట్లో అంత దూరంలోని రెక్క మాట విందో లేదో మాస్టరుకు తెలిసేది దానితోనే. ఒత్తి ఎక్కువ ఎత్తితే మసి పట్టి అద్దం నల్లబడేది. వెలుగు కనబడని సిగ్నలును డ్రైవరు "ఆగు" అనే తీసుకోవాలి కనుక, ఒక ఒత్తి సరిగా కత్తిరించకపోతే ఒక బండి ఊరి బయట నిలబడిపోయేది.

ప్ర: బిస్కెట్ డబ్బా నిండా అట్ట టికెట్లున్నాయి. లామినేట్ చేయించనా? ఎప్పటివో ఎలా తెలుసుకోవాలి?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జ: లామినేషన్ వద్దే వద్దు. వేడికి, జిగురుకు అట్ట రంగు మారుతుంది, ఆ పొర మళ్లీ ఊడిరాదు. జిగురు పేజీల ఆల్బమూ వద్దు, మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు, అవి కొన్నేళ్లకు అచ్చు సిరాను అంటించుకుంటాయి. పాలిస్టర్ కవర్లలో ఒక్కొక్కటి పెట్టండి. వివరం కవరు మీదే రాయండి, టికెట్టు మీద కాదు. డబ్బా తుప్పు పట్టినదైతే మార్చండి. ముందు రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేస్తే తర్వాత వాటిని ముట్టుకోవలసిన అవసరమే తగ్గుతుంది.

ఈ టికెట్టు సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 31 వెడల్పు. ఇంగ్లండులో స్టేషన్ మాస్టరుగా పనిచేసిన థామస్ ఎడ్మండ్‌సన్ 1830లలో తెచ్చిన పద్ధతి ఇది. అసలు తెలివి అట్టలో లేదు, వరుస నంబరులో ఉంది. ప్రతి ఊరికీ, ప్రతి తరగతికీ వేరే గొట్టంలో టికెట్లు వరుసగా పేర్చి ఉంటాయి. రాత్రి మిగిలిన మొదటి నంబరు లోంచి పొద్దుటి మొదటి నంబరు తీసేస్తే అమ్మకం లెక్క తేలిపోతుంది. కాబట్టి మీ దగ్గర ఒకే ఊరి టికెట్లు, తేదీ కనిపించేవి రెండున్నా, నంబర్ల తేడాను బట్టి ఆ మధ్యలో ఎంతమంది అక్కడికి ప్రయాణం చేశారో అంచనా కట్టవచ్చు. నంబర్లు 9999 దాటాక మళ్లీ మొదటికి వస్తాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

తేదీ అంచున నొక్కి ఉంటుంది. సిరా వెలిసిపోయినా ఒత్తిడి గుర్తు మిగులుతుంది. చీకటి గదిలో టార్చి వెలుగు పక్కనుంచి, అట్టకు దాదాపు సమాంతరంగా వేస్తే అంకెలు లేచి కనబడతాయి. తేదీ బొత్తిగా లేకపోతే ఛార్జీ చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలుంటే 1957-64 మధ్యది. మూడో తరగతి అని ఉంటే 1974 దాటదు. రైల్వే పొడి అక్షరాలూ పనికొస్తాయి. ఎం.ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1908 నుంచి 1951 దాకా. ఆ ఏప్రిల్‌లో అది దక్షిణ రైల్వేలో కలిసింది, నవంబరులో నిజాం రైల్వే మధ్య రైల్వేలో కలిసింది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది. గుంతకల్లు డివిజన్ అందులోకి వచ్చింది 1977లో. అయితే పాత అట్టల నిల్వ అయిపోయేదాకా వాడేవారు కనుక ఈ తేదీలకు కొన్ని నెలలు అటూ ఇటూ ఒప్పుకోవాలి.

ప్ర: మా స్టేషను కంచెకు పాతిన పట్టా ముక్కల మీద ఏవో ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. లైను వేసిన సంవత్సరం అదేనా?
(ఒక ఉపాధ్యాయుడు, వినుకొండ)

జ: కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. పట్టా నడుము మీద ఉండేది తయారీదారు పేరు, తయారైన సంవత్సరం, బరువు. 60 ఆర్ అంటే గజానికి 60 పౌండ్లు, మీటరుకు దాదాపు 30 కిలోలు, మీటరు గేజిలో బాగా వాడినది. 90 ఆర్ బ్రాడ్‌గేజిది, మీటరుకు 44.6 కిలోలు. పట్టా ముందు మెయిన్ లైన్లో అరిగి, తర్వాత లూపుకో (స్టేషన్లోని పక్క లైనుకో) గూడ్సు సైడింగుకో దిగి, చివరికి కంచె స్తంభమవుతుంది. దానిమీది సంవత్సరం చెప్పేది ఒక్కటే: ఆ కంచె అంతకు ముందుది కాదు.

అక్షరాలు చదవడానికి పల్చటి కాగితం ఆనించి మైనపు క్రేయాన్ను పడుకోబెట్టి రుద్దండి. సుద్ద, సున్నం పూయవద్దు. చాలా స్తంభాల్లో సగం అక్షరాలు భూమిలో ఉంటాయి, తవ్వకుండా పక్క స్తంభాలు చూస్తే మిగతా సగం దొరుకుతుంది.

ప్ర: అంత చిన్న స్టేషనుకు అంత పెద్ద నీళ్ల ట్యాంకు ఎందుకు?
(ఒక పాఠకురాలు, దొనకొండ)

జ: మనుషులకు కాదు, ఆవిరి ఇంజన్లకు. చదరపు ఇనుప రేకులు బోల్టులతో బిగించిన ట్యాంకైతే ఎంత పడుతుందో కిందనుంచే లెక్కకట్టవచ్చు. ఒక్కో రేకు నాలుగడుగుల చదరం. పొడవున, వెడల్పున, ఎత్తున రేకులు లెక్కపెట్టి మూడూ గుణించి 1,800తో హెచ్చవేయండి, లీటర్లు వస్తాయి. నాలుగు, మూడు, రెండు రేకులైతే 43 వేల లీటర్ల పైమాటే. ఆ నీళ్లు ఏ బావి నుంచి, ఏ పంపుతో వచ్చేవో అడిగి తెలుసుకోండి. స్టేషను చోటు ఎంచుకోవడానికి ఆ నీళ్లు కూడా ఒక కారణమై ఉండవచ్చు.

ప్ర: తేదీ లేని స్టేషను ఫొటో ఉంది. కాలం ఎలా కట్టాలి? ఇప్పుడు అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీయవచ్చా?
(ఒక పాఠకుడు, నంద్యాల)

జ: ముందు బోర్డు చూడండి. హిందీ ఉంటే చాలావరకు స్వాతంత్య్రం తర్వాతిది. నిజాం ప్రాంతపు బోర్డుల్లో ఉర్దూ వెతకండి. ఊరి పేరూ పట్టిస్తుంది, వాల్తేరు స్టేషను విశాఖపట్నం అయింది 1987లో. ఇంజను ముక్కు గుండ్రంగా పొడుచుకొచ్చి నక్షత్రం ఉంటే అది డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను, 1947కు ముందుది కాదు. పట్టాల పైన కరెంటు తీగలున్నాయా, ప్లాట్‌ఫారం నేలబారుగా ఉందా చూడండి. గేజి మారిన తేదీ, భవనం కట్టిన సంవత్సరం కావాలంటే సమాచార హక్కు కింద డివిజన్‌కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఒక దరఖాస్తులో ఒకే స్టేషను గురించి, "ఏ పత్రం నకలు కావాలి" అని స్పష్టంగా అడగండి. "చరిత్ర తెలపండి" అంటే "సమాచారం అందుబాటులో లేదు" అనే జవాబు రావచ్చు. నిజాం ప్రభుత్వ కాలపు దస్త్రాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

ఫొటోకు ముందు స్టేషన్ మాస్టరును కలిసి అడగండి, అవసరమైతే డివిజన్ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. పాత ఫొటో పట్టాల మధ్యనుంచి తీసినదైనా మీరు ప్లాట్‌ఫారం చివరి నుంచే తీయండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. కోణం కలవడానికి పాత ఫొటోలో భవనం మూల, దాని వెనక కొండ అంచు ఒకే గీతలోకి వచ్చిన చోటు చూసుకోండి. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచి ఆ రెండూ మళ్లీ ఒకే గీతలోకి వచ్చే చోట నిలబడండి.